పింగాణీ వేషం కుట్టిన మనిషి

ఇవెలీస్ మాతోస్ పగలు కాలర్లు కుట్టేది. వారంలో మూడు రాత్రులు కానరీ క్లబ్బులో జనం కోట్లకి కాపలా కాసేది.

న్యూయార్కులో ముప్ఫై ఎనిమిదో వీధిలో ఉన్న ఆ బట్టల ఫ్యాక్టరీలో చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు. ఒకరు చేతులు, ఒకరు జేబులు, ఇంకొకరు గుండీలు. ఇవెలీస్‌వి కాలర్లు. పదిహేడేళ్ళలో ఆవిడ చేతిమీదుగా ఎన్ని వేల కాలర్లు వెళ్ళాయో గాని, ఇది నేను కుట్టింది అని చూపించుకోడానికి ఒక్క పూర్తి చొక్కా లేదు. మొగుడు ఇళ్ళకప్పులు వేసే పనికి ఫ్లోరిడా వెళ్ళి, ఒక కొత్త సంవత్సరం కార్డు పంపి, ఆ తరవాత అజాపజా లేకుండా పోయాడు. పిల్లల్లేరు. రివింగ్టన్ వీధిలో అయిదో అంతస్తులో ఒక్క గది, కిటికీ దగ్గర ఒక కుట్టుమిషను. అదీ ఆవిడ సంసారం.

నా పేరు ఎవారిస్తో. మాది ఈక్వడార్, ఆవిడది ప్యూర్టో రీకో. కానరీ క్లబ్బు ఒకప్పుడు బ్యాంకు. కోట్లు పెట్టే గది ఆ బ్యాంకు ఖజానా గది. మూరెడు మందం ఇనుప తలుపు. దాని లోపల ఆవిడ టోకెన్లిచ్చేది, నేను కోట్లు తగిలించేవాణ్ణి. బయట సంగీతం హోరెత్తిపోతున్నా ఖజానాలోకి దడదడ మాత్రమే వచ్చేది, గుండె కొట్టుకుంటున్నట్టు. మా స్పానిష్‌లో మేం ఊసులాడుకోడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

వేషాల పిల్లలు వచ్చింది పందొమ్మిదివందల తొంభైలో. ఎక్కడెక్కడి చిన్న ఊళ్ళనించో పారిపోయొచ్చిన పందొమ్మిదీ ఇరవయ్యేళ్ళవాళ్ళు. తాగడానికో ఆడడానికో కాదు, నలుగురి కంట్లో పడడానికి వచ్చేవాళ్ళు. ఒకడు నెత్తిమీద దీపాల గొడుగు, ఒకమ్మాయి ఒంటినిండా చెమ్చాలు. వాళ్ళని పోగుచేసి తెచ్చేవాడు బార్నబీ స్ట్రెల్. అందుకు క్లబ్బు యజమాని అతనికి జీతమిచ్చేవాడు. పాతికేళ్ళుంటాయి. మాటల మాంత్రికుడు. నీతో మాట్లాడుతున్నంతసేపూ ఈ మహానగరంలో నువ్వు తప్ప ఇంకో మనిషి లేడన్నట్టు చూసేవాడు. మొహం తిప్పుకున్నాడంటే మాత్రం, ఆ రాత్రికి నువ్వు లేనట్టే.

ఒక గురువారం ఒక బక్కపల్చటి కుర్రాడు మా బల్ల దగ్గరికి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. చెత్త సంచులతో చేసుకున్న గౌను వీపు నుంచి కిందిదాకా చిరిగిపోయింది.

"అమ్మా, సూది ఉందా? లేకపోతే ఈ రాత్రి న్యూయార్కంతా నా వెనకభాగం చూస్తుంది."

"చూస్తే చూసిందిలే, ఈ ఊరు చూడనిదా అది. ఇటు తిరుగు," అంది ఇవెలీస్. ఆవిడ కోటు మడతలో ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఉండేది. నిలబడ్డచోటే కుట్టేసింది. కుడుతూ, "ఎవడ్రా ఇది చేసింది?" అంది.

"నేనేనమ్మా."

"అనుకున్నాను. మా వీధి కుక్క ఇంతకంటే బాగా కుడుతుంది. ఆదివారం మా ఇంటికి రా."

అలా మొదలైంది. వాడి అసలు పేరు లోరెన్ యోడర్. ఒహాయోలో ఒక పల్లె. వాళ్ళమ్మ వెర్నా బొంతలు కుట్టి చర్చికి ఇచ్చే మనిషి. కొడుకు మందులషాపులో పనిచేస్తున్నాడని ఆవిడ అనుకునేది. క్లబ్బులో మాత్రం వాడు 'పింగాణీ'. మొహానికి తెల్లరంగు దట్టంగా పూసుకుని, దానిమీద సన్నటి నల్లగీతలతో బీటలు వేసుకునేవాడు, కిందపడి పగిలిన పింగాణీ బొమ్మలాగ.

ఆదివారాలు వాడు రివింగ్టన్ వీధికి వచ్చేవాడు. ఇవెలీస్ కంది గింజలేసి అన్నం వండేది, అరటికాయ ముక్కలు వేయించేది. వాడు తిని, ఇస్త్రీ చేసిపెట్టేవాడు. కుట్టడం రాదుగాని ఇస్త్రీ వాళ్ళమ్మ బాగా నేర్పింది. ఆ గదిలో ఇవెలీస్ జీవితంలో మొదటిసారి పూర్తి బట్టలు కుట్టింది. కాలరుతో మొదలై కాలరుతో ఆగిపోనివి. ఒక పత్రికవాళ్ళు పింగాణీ ఫొటో వేసి, కింద చిన్న అక్షరాల్లో 'దుస్తులు: ఇవెలీస్ మాతోస్' అని వేశారు. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, ఫ్యాక్టరీలో జేబులు కుట్టే ఆవిడకీ, గుండీలు కుట్టే ఆవిడకీ చూపించింది. మిగతా వేషాల పిల్లలూ ఆమెని అమ్మా అనడం మొదలెట్టారు.

వాడి చేతులమీద సూదిపోట్లు ఆమె ఎప్పుడో చూసింది. కొలతలు తీసే మనిషికి కనపడకుండా ఉంటాయా?

"ఏమీ అనవేం అక్కా?" అని ఒకసారి అడిగాను.

"అంటే ఏమవుతుందిరా? రావడం మానేస్తాడు. ఇక్కడికొస్తే కనీసం ముద్ద తింటున్నాడు."

"ముద్ద కోసమేనా?"

చాలాసేపు కోట్లు సర్దింది. "నాకోసం కూడానే. ఏం, తప్పా?" అంది.

తొంభైరెండు శీతాకాలంలో ఒక ఆదివారం వాడు సోఫాలో వాలినవాడు వాలినట్టే బిగుసుకుపోయాడు. పెదాలు నీలమయ్యాయి. ఇవెలీస్ చెంపలు వాయించింది, నెత్తిన చన్నీళ్ళు పోసింది, చంకలకింద చేతులేసి గదంతా ఈడ్చుకు తిరిగింది. చివరికి కళ్ళు తెరిచాడు. ఆమె ఫోను అందుకుంటుంటే మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మా, వద్దు. అంబులెన్సు వస్తే మా ఇంటికి తెలుస్తుంది. నువ్వు పిలిస్తే నేనింక ఈ గుమ్మం తొక్కను."

ఆమె ఫోను పెట్టేసింది.

ఆ తరవాతి మార్చిలో స్ట్రెల్‌కి కొత్త ఆలోచన వచ్చింది. బొమ్మల పేరంటం. క్లబ్బు మధ్యలో ఎత్తైన కుర్చీ, అందులో పింగాణీ బొమ్మలా కదలకుండా కూచోవాలి. రాత్రంతా రెప్ప వెయ్యకూడదు. అప్పటికి పింగాణీని చూసి జనానికి మొహం మొత్తుతోంది. స్ట్రెల్ మొహం తిప్పుకోబోతున్నాడని లోరెన్‌కి భయం. "ఇది బాగా కుదరాలమ్మా, ఇది పోతే నేను పోయినట్టే," అన్నాడు. ఇవెలీస్ ఆరు వారాలు ఆ వేషం మీద కూచుంది. తెల్లటి శాటిను, మెడచుట్టూ పళ్ళెమంత కాలరు, వీపున మెడ నుంచి నడుందాకా దగ్గర దగ్గరగా హుక్కులు. తనంతట తాను వేసుకునే వేషం కాదు. వెనక ఇంకో మనిషి నిలబడి హుక్కులు పెట్టాలి. ఆ మనిషి తనే. పేరంటం జరిగే గురువారం రాత్రి తొమ్మిదింటికి ఖజానా గదికి వస్తే తొడుగుతానంది. కాని పిచ్చిమనిషి, వేషం బుధవారమే వాడి చేతికిచ్చి పంపింది. అద్దంలో చూసుకోవాలని వాడు మారాం చేశాడు మరి.

గురువారం తొమ్మిదయింది, పదయింది. వాడు రాలేదు. పదకొండింటికి, దొడ్డిదారిన వచ్చి అప్పుడే కుర్చీలో కూచున్నాడని ఎవరో చెప్పారు.

"నేను లేకుండా ఎవడు తొడిగాడు?" అంది ఇవెలీస్. కోపం కాదు, చిన్నబుచ్చుకుంది. ఎదురుగా వరస నిలబడుంది, కదలడానికి లేదు. కోట్లు తీసుకోడానికొచ్చిన ప్రతివాడూ అదే మాట. "ఆ బొమ్మని చూశావా? రెప్ప వెయ్యడు, ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలీదు. మహానుభావుడు!" పక్కన నిలబడి, ఒళ్ళో కూచుని, బుగ్గకి బుగ్గ ఆనించి ఫొటోలు తీయించుకుంటున్నారు. నేనూ చూసొచ్చాను. నిజం చెప్పాలంటే, చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండు దాటాక నన్ను బల్ల దగ్గర ఉంచి ఇవెలీస్ వెళ్ళింది. నేను ఖజానా గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు నుంచి కాదు, కుర్చీ వెనక్కి వెళ్ళింది. తన కుట్టు చూసుకోవాలిగా. ఆమె తరవాత చెప్పింది, హుక్కులన్నీ ఒకటి తప్పించి ఒకటి పెట్టి ఉన్నాయి, వీపంతా వంకర. చంకల కింద కుట్లు కత్తెరతో బారుగా కోసేసి ఉన్నాయి. చేతులు వంగకపోతే తప్ప అలా కొయ్యక్కర్లేదు. ఆమె ముందుకొచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

ఆ అరుపు ఆ హోరులో కూడా నాకు వినపడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగారు. తరవాత ఈలలు, చప్పట్లు. ఆవిడా ఆటలో భాగమే అనుకున్నారు. బొమ్మ దగ్గర ఏడ్చే ముసలమ్మ. ఆమె "చచ్చిపోయాడు, చచ్చిపోయాడు" అని రెండు భాషల్లోనూ అరుస్తోంది. జనం ఆ మాటనే పాటలా అందుకున్నారు. ఫొటోలవాళ్ళ మెరుపులు ఆగలేదు. నేను వెళ్ళి దీపాల మీట వేసి సంగీతం ఆపించేదాకా, ఎంతసేపో తెలీదు, ఆమె వాడి తల రొమ్ముకి ఆనించుకుని ఉంది. ఆమె నల్లబట్టలనిండా తెల్లరంగు.

పోలీసులొచ్చారు. స్ట్రెల్ ఏడ్చాడు. బాగా ఏడ్చాడు. పింగాణీ తనంతట తానే నడిచొచ్చి కూచున్నాడని, ముందే ఏం తీసుకున్నాడో తనకి తెలీదని చెప్పాడు.

అసలు సంగతి ఇవెలీస్‌కి జనీన్ చెప్పింది. ఒంటినిండా చెమ్చాలు కట్టుకునే అమ్మాయి. స్ట్రెల్ ఇంట్లోనే ఉండేది. పది రోజుల తరవాత రివింగ్టన్ వీధికి వచ్చి, నేను కూడా ఉండగానే చెప్పింది.

"పొద్దున బార్నబీయే వాడికి సూది గుచ్చాడమ్మా. కొత్త సరుకు, నువ్వే మొదట చూడాలన్నాడు. కాసేపటికి వాడు గురకపెడుతున్నాడు. మామూలు గురక కాదు. నేను ఫోను తీస్తే బార్నబీ తీగ లాగేశాడు. అంబులెన్సు వెనకాలే పోలీసులొస్తారు, ఇవాళ పార్టీ ఏం కావాలి అన్నాడు. మధ్యాహ్నం రెండింటిదాకా ఆ గురక వినపడిందమ్మా. తరవాత వినపడలేదు."

"మరి నువ్వు కిందికి దిగి ఎవరినీ పిలవలేదా?" అన్నాను నేను.

జనీన్ నా వంక చూసి, "మొహానికి రంగేస్తున్నాను. బార్నబీ వెయ్యమన్నాడు," అంది.

ఆ అమ్మాయి పోలీసులకీ అదే చెప్పి సంతకం పెట్టింది. కేసు నిలుస్తుందనుకున్నాం.

విచారణ మరుసటేడు. ఒహాయో నుంచి వెర్నా యోడర్ వచ్చింది. తెల్లటి చిన్న టోపీ, నేలచూపులు. మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం భోజనానికి ఆమెని ఇవెలీసే తీసుకెళ్ళింది. ఒకళ్ళ ఇంగ్లీషు ఒకళ్ళకి సగమే అర్థమయ్యేది. బల్లమీద సాక్ష్యంగా పెట్టిన ఆ వేషాన్ని చూసి వెర్నా అడిగింది.

"ఆ కాలరు మీరు కుట్టిందేనా?"

"నేనేనండి."

"కుట్టు ఎక్కడా కనపడలేదు. మంచి చెయ్యి మీది," అంది వెర్నా. తరవాత, "వాడు ఇక్కడ సరిగ్గా తినేవాడాండీ?" అంది.

"ఆదివారాలు తినేవాడండి. రెండోసారి అడిగి మరీ వేయించుకునేవాడు."

వెర్నా ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

నాలుగో రోజు జనీన్ రావాలి. రాలేదు. వాళ్ళ నాన్న లాయర్ని పెట్టి ఆమెని ఎక్కడికో పశ్చిమానికి తరలించేశాడు. మనిషి లేని సాక్ష్యం చెల్లదని జడ్జి తోసేశాడు. చంపిన నేరం రుజువు చెయ్యడానికి ఇక మిగిలిన సాక్షి ఇవెలీస్ ఒక్కతే. ఆమె హుక్కుల సంగతి చెప్పింది, చంక కుట్ల సంగతి చెప్పింది. బతికున్నవాడికి అలా తొడగరని, కొయ్యబారిన ఒంటికి తొడిగారని చెప్పింది. జూరీవాళ్ళు ముందుకు వంగి విన్నారు.

అప్పుడు స్ట్రెల్ లాయరు లేచాడు. మర్యాదస్తుడు, గొంతు ఎక్కడా పెంచలేదు.

"అమ్మా, కొలతలు తీసేటప్పుడు ఆ అబ్బాయి చేతులు చూసేవారు కదూ?"

"చూశాను."

"సూదిపోట్లు?"

"ఉన్నాయి."

"మీ ఇంట్లో ఎప్పుడైనా స్పృహతప్పి పడ్డాడా?"

ఈ సంగతి వాడికెలా తెలిసిందో! లోరెనే స్ట్రెల్‌కి నవ్వులాటగా చెప్పి ఉంటాడు. ఇవెలీస్ చుట్టూ చూసింది. నన్ను చూసింది. అబద్ధమాడి ఉంటే ఎవరు కాదనేవాళ్ళు? కాని ఆమె బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసిన మనిషి.

"పడ్డాడు. ఒకసారి."

"అంబులెన్సు పిలిచారా?"

"లేదు."

"ఎందుకని?"

"పిలిస్తే మళ్ళీ రానన్నాడు."

"అంటే మీకూ నా కక్షిదారుకీ తేడా ఏమిటంటారు?"

ప్రభుత్వ లాయరు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఆ ప్రశ్న కొట్టేయమన్నాడు. కాగితంమీద కొట్టేస్తారు సరే, విన్న చెవుల్లోంచి ఎవరు కొట్టేస్తారు?

వరండాలో వెర్నా నిలబడి ఉంది. ఇవెలీస్ దగ్గరికి వెళ్ళబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆ ఆదివారం నాకొక్క ఫోను చేసుంటే, మీరు..." అంది. టోపీ సర్దుకుని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగిపోయింది. ఆ తరవాత ఆమెని మేం చూడలేదు.

చంపిన నేరం నిలవలేదు. చావు దాచినందుకు, శవాన్ని అవమానించినందుకు రెండేళ్ళు వేశారు. స్ట్రెల్ పద్నాలుగు నెలలకే బయటికొచ్చాడు.

అప్పటికి కానరీ మూసేశారు. కాలర్లు కుట్టే పని మెక్సికో వెళ్ళిపోయి ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇవెలీస్ ఒక ఆసుపత్రి చాకలి గదిలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. నేను అప్పుడప్పుడూ ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. వంట చేసేది కాదు. డబ్బాలో సూపు వేడిచేసి ఇచ్చేది. "నీకూ ఆ మాటే అనిపిస్తోందా? తేడా లేదనే?" అని ఒకటికి పదిసార్లు అడిగేది. లేదక్కా, వాడు గుచ్చాడు, నువ్వు లేపావు, అనేవాణ్ణి. తల ఊపేది. మళ్ళీ వారం మళ్ళీ అడిగేది.

స్ట్రెల్ ఒక పుస్తకం రాశాడు. టీవీలో కూచుని నవ్విస్తూ పశ్చాత్తాపపడ్డాడు. దాన్ని సినిమాగా తీస్తున్నారని తెలిసింది. ఒకరోజు సినిమావాళ్ళ తరఫున బట్టలు చూసే అమ్మాయి రివింగ్టన్ వీధి మెట్లెక్కి వచ్చింది. అసలు వేషం పోలీసుల దగ్గరే ఉంది, బయటికివ్వరు. అలాంటిదే ఇంకోటి మీరు కుట్టిపెట్టాలి, మీ చేతికి సాటి రాదు ఎవరికీ, అంది. ఇవెలీస్ తలుపు వేసేసింది. రెండు రోజులకి తనే ఆ అమ్మాయికి ఫోను చేసింది.

"ఒప్పుకున్నావా!" అన్నాను.

"కోర్టులో చెప్పింది ఎవరికీ ఎక్కలేదు. సినిమా అయితే లోకమంతా చూస్తుంది. వాడు నడిచి రాలేదని వాళ్ళకి దగ్గర కూచుని చెబుతాను. హుక్కులు తప్పుగా పెట్టమంటాను, చంకలు కోసి చూపిస్తాను. అది చాలు నాకు."

కుట్టింది. సెట్టుకి తనే పట్టుకెళ్ళి దర్శకుడికి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, పక్కవాడిచేత రాయించుకుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడట. ఆ సాయంత్రం ఆమె గొంతులో ఎన్నాళ్ళకో కాస్త ప్రాణం వినపడింది.

సినిమా రెండో అవెన్యూలో ఒక మంగళవారం మధ్యాహ్నం చూశాం. అందులో లోరెన్ తనే నడిచొచ్చాడు. మెట్లమీంచి నవ్వుతూ, వెండిదీపాల వెలుగులో నడిచొచ్చి కుర్చీలో కూచుని కళ్ళు మూసుకున్నాడు. వెనక వయొలిన్లు. వీపున హుక్కులు ఒక్కటీ తప్పకుండా తీర్చినట్టున్నాయి. స్ట్రెల్ వేషం వేసిన నటుడు ముచ్చటైనవాడు. వాడు మాట్లాడినప్పుడల్లా హాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కోట్ల గదిలోంచి ఒక లావుపాటి ఆడమనిషి నోటినిండా తిండితో వచ్చి, బొమ్మని చూసి కెవ్వుమని అరిచి వెల్లకిలా పడిపోతుంది. ఆ చోట జనం అన్నిటికన్నా ఎక్కువ నవ్వారు.

ఇవెలీస్ లేవలేదు. పేర్లన్నీ అయ్యేదాకా కూచుంది. ఆమె పేరు ఎక్కడా రాలేదు. బస్సులో నేనే ఏదో అనబోతే, "మాట్లాడకురా," అంది.

ఆ డిసెంబరులో పద్నాలుగో వీధిలో రొట్టెల దుకాణం ముందు స్ట్రెల్ ఆమెకి ఎదురుపడ్డాడు. ఆ సంగతి ఆమె నాకు ఫోనులో చెప్పింది. అప్పటికి కాస్త ఒళ్ళు చేశాడట, మంచి కోటు. "అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చి కావలించుకున్నాడట.

"సినిమా చూశావా అమ్మా? నిన్ను ఎంత బాగా చూపించారో! నవ్వలేక చచ్చాననుకో," అన్నాడట.

"నువ్వేమన్నావు?" అన్నాను.



"ఏమీ అనలేదురా. వాడు నా భుజంమీద తలపెట్టాడు. నా చెయ్యి దానంతటదే లేచి వాడి వీపు తట్టింది. రెండుసార్లు. వద్దనుకుంటూనే ఉన్నాను, తడుతూనే ఉంది."



ఆ మరుసటేడు ఆమె గది ఖాళీ చేసి ప్యూర్టో రీకోలో మయగేస్ అనే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. కుట్టుమిషను మెట్ల కింద వదిలేసింది. మొదట్లో నెలకోసారి ఫోను చేసేది. తరవాత నేనే చేసేవాణ్ణి. చివరికి చెల్లెలు ఎత్తి, పడుకుంది, లేచాక చేయిస్తాను అనేది. అలా ఓ రెండేళ్ళు లేవనే లేదు. ఒకరోజు చెల్లెలే చేసి, మొన్న మట్టి చేసేశాం, మీకు చెప్పాలని గుర్తులేదు, ఏమీ అనుకోకండి అంది. అనుకోనన్నాను.